కిక్రీ నుంచి కథానిక దాకా: తెలుగునాట ఆదివాసీ చరిత్రలు చెప్పుకున్న తీరు

ఆదిలాబాద్ గోండు గూడేల్లో వంశదేవుడు పెర్సాపేన్ కొలుపు జరగాలంటే ముందు ప్రధాన్ రావాలి. అతను కిక్రీ వాయిస్తూ, తోడుగా ఒకరు పెప్రె ఊదుతుండగా, ఆ వంశం పుట్టుపూర్వోత్తరాలు పాడితేనే పూజకు నిండుదనం. గుహలో చిక్కుబడిన గోండు దేవతలను పహండి కుపార్ లింగాల్ ఎలా విడిపించాడో, వారిని నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలుగా, అంటే వంశ శాఖలుగా, ఎలా విడదీశాడో, జంగుబాయి ఎవరో, ఏ ఇంటిపేరు ఏ సగకు చెందుతుందో, ఎవరికి ఎవరితో పెళ్లి కుదురుతుందో అంతా ఆ పాటలోనే ఉంటుంది. ప్రధాన్ కుటుంబానికి తరతరాలుగా పోషకులైన గోండు కుటుంబాలు ఉంటాయి. పాడినందుకు వాళ్లు గింజలో, పశువునో, బట్టలో ఇచ్చుకుంటారు. తోటీలదీ అదే వృత్తి. గోదావరికి దిగువన కోయల్లో ఈ పని డోలివారిది. ఇలవేల్పుల బొమ్మలున్న జెండా ముందు నిలబడి, డోలి కొడుతూ, వంశాల రాకపోకలను, యుద్ధాలను, చావులను పాడుకుంటూ పోతారు. చెప్పేవాడు, పోషించేవాడు, వినేవాడు అని మూడు పక్షాలున్న పూర్తిస్థాయి చరిత్ర వ్యవస్థ ఇది. దానికి పాఠం ఒక్కటి కాదు. ఏ వంశం కథ ఆ వంశానిదే, ఏ గాయకుడి వరస అతనిదే. తెలుగునాట ఆదివాసుల గతాన్ని కాగితం మీద పెట్టే ప్రయత్నం మొదలై సుమారు నూట యాభై ఏళ్లవుతోంది. ఆ ప్రయత్నమంతా ఒక రకంగా ఈ వ్యవస్థకు దూరంగా నడిచి, మెల్లగా మళ్లీ దాని దగ్గరకు చేరుకున్న ప్రయాణమే.

తొలి రాతలు పాదరీలవి, దొరలవి. భద్రాచలానికి చేరువలోని దుమ్ముగూడెంలో మిషనరీగా పనిచేసిన జాన్ కెయిన్ 1870ల నుంచి కోయల ఆచారాల గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో వ్యాసాలు రాశాడు. మనిషిలో కుతూహలం ఉంది, ఓపిక ఉంది. అయితే తను మార్చదలచుకున్న జనం గురించి రాస్తున్నాననే స్పృహ అతన్ని వదల్లేదు. అదే రోజుల్లో, 1879లో, రంప మన్యం భగ్గుమంది. చెట్టు కల్లు మీద చిగురు పన్ను, పోలీసుల వసూళ్లు, మైదానం వర్తకుల కోర్టు డిక్రీలు కలిసి కొండ గ్రామాల పెత్తనం చూసే ముఠాదారులనూ కొండరెడ్లనూ కోయలనూ ఒక్కటి చేశాయి. కారం తమ్మన్నదొర నాయకుడయ్యాడు. ఆ అలజడి భద్రాచలం, గొలుగొండ వైపు కూడా పాకింది. ఈ తిరుగుబాటు గురించి నేడు మనకు తెలిసినదంతా దాదాపు దాన్ని అణచినవాళ్లు రాసుకున్న నివేదికల్లోంచే వచ్చింది. ఒక్క న్యాయం చెప్పుకోవాలి. కారణాలను విచారించిన అధికారులు పన్నుల దౌర్జన్యాన్ని దాచలేదు. కానీ ఆ ఫైళ్లలో కొండవాడు మాట్లాడేది నిందితుడిగానో, సాక్షిగానో మాత్రమే. ప్రశ్న అడిగితేనే జవాబు, అదీ దుబాసీ నోట. ఆ తర్వాత 1909లో ఎడ్గర్ థర్స్‌టన్ తన సహాయకుడు రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించాడు. అవి ఇప్పటికీ పనికొస్తాయి, కాదనలేం. అయినా ముక్కు పొడవు, తల చుట్టుకొలత కొలిచి అంకెలు వేసిన ఆ పుస్తకంలో కొలత ఇచ్చిన మనిషి ఏమనుకున్నాడో వెతికితే దొరకదు.

ఈ ధోరణికి ఎదురు నడిచిన తొలి తెలుగువాడు గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాషోద్యమ నాయకుడిగా ఆయన్ని తలుచుకుంటాం, ఆగస్టు 29న దండలు వేస్తాం. ఆయన జీవితంలో అంతకు ముందే మొదలై, అంతకన్నా ఎక్కువ కాలం సాగిన పని సవరలతో. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, చుట్టుపక్కల కొండల నుంచి వచ్చే సవరల మాట విని, వారి దగ్గరే కూర్చుని ఆ భాష నేర్చుకున్నాడు. సవర భాషలో వాచకాలు రాశాడు, సవర పిల్లలకు చదువు చెప్పించాడు, పాటలూ కథలూ సేకరించాడు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. కుమారుడు సీతాపతి ఆ పనిని ముందుకు తీసుకెళ్లాడు. గిడుగు గొప్పతనం పుస్తకాల లెక్కలో లేదు. సవరను ఆయన కొలవలేదు, అతని దగ్గర శిష్యుడయ్యాడు. పండితుడు విద్యార్థిగా, కొండవాడు గురువుగా స్థానాలు మారిన ఆ క్షణమే తెలుగునాట ఈ చరిత్రకు మొదటి మలుపని నా లెక్క. చిత్రమేమిటంటే, ఆ వ్యాకరణం అచ్చయిన అయిదేళ్లకే, 1936లో, అదే ప్రాంతంలో మంగెయి గొమాంగో అనే సవర సొంత లిపిని రూపొందించాడు. రాత తమదే కావాలన్న ఆకాంక్ష సవరల్లోంచే పుట్టిందన్నమాట.

మన్యంలో ఈలోగా మరో పితూరీ వచ్చింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులతో మొదలై 1924లో ముగిసిన ఆ పోరాటం అల్లూరి సీతారామరాజు పేరుతో ఇంటింటికీ చేరింది. ఆయన త్యాగం మీద ఎవరికీ మాట ఉండకూడదు. అయితే రోడ్డు పనుల్లో వెట్టి చేసినవాళ్లు, పోడు పోగొట్టుకున్నవాళ్లు, హక్కులు కోల్పోయిన ముఠాదారులు, రాజుకు అన్నం పెట్టి దారి చూపించినవాళ్లు కొండ జనమే. గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు లేకుంటే ఆ పోరాటమే లేదు. పాటల్లో, బుర్రకథల్లో, 1974 నాటి సినిమాలో వారు నాయకుడి పక్కన నిలబడే పాత్రలయ్యారు. మల్లుదొర సంగతి ఎంతమందికి తెలుసు? పట్టుబడి, శిక్ష అనుభవించి బయటికొచ్చిన ఆయన 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మన్యం తిరుగుబాటులో తుపాకి పట్టిన చేయి స్వతంత్ర భారత పార్లమెంటులో సంతకం పెట్టింది. మన పాఠ్యపుస్తకాల్లో కథ 1924 మే నెలలో కొయ్యూరు దగ్గర ఆగిపోతుంది. గూడెం వైపు నుంచి చెప్పుకుంటే ఆ కథకు మరో ముప్పై ఏళ్ల కొనసాగింపు ఉంది. 1982లో డేవిడ్ ఆర్నాల్డ్ అనే చరిత్రకారుడు 1839 నుంచి 1924 దాకా గూడెం, రంప తిరుగుబాట్లన్నిటినీ ఒకే తాడుగా పేని చూపించాక గానీ చదువుకున్నవారి దృష్టి ఒక్క వీరుడి నుంచి కొండల మీదికి మళ్లలేదు.

నైజాం వైపు కథ వేరుగా నడిచింది. నిర్మల్‌లో రాంజీ గోండును, అనుచరులను ఉరితీసిన మర్రిని జనం ‘వెయ్యి ఉరుల మర్రి’ అన్నారు. దశాబ్దాల పాటు ఆ సంఘటనకు ఆధారం జనం నోరే. 1940లో జోడేఘాట్ అడవిలో కొమురం భీం తన సహచరులతో సహా నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యాడు. బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేల భూముల కోసం సాగిన పోరాటమది. భీం మరణించిన తేదీ విషయంలో రాతలు ఒకదానితో ఒకటి పొసగవు. జోడేఘాట్‌లో మాత్రం ఆ గొడవ లేదు. ప్రతి ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు వర్ధంతి జరుపుకుంటారు. గోండులు పున్నమిని గుర్తుపెట్టుకున్నారు, దఫ్తరు తేదీని పట్టించుకోలేదు. ఎవరి పంచాంగం వారిది.

భీం మరణం తర్వాత ఏం జరిగిందన్నది ఇంకా ముఖ్యం. ప్రభుత్వం ఈ అలజడికి కారణం తెలుసుకోవాలనుకుంది. అప్పటికి హైదరాబాద్ రాజ్యంలో ఒక ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో నైజాం రాజ్యం దాటకూడని పరిస్థితి అతనిది. పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. భార్య బెట్టితో కలిసి నల్లమల చెంచుల మధ్య, గోదావరి పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి, ఆదిలాబాద్‌లో మార్లవాయి గూడెం చేరి అక్కడే కాపురం పెట్టాడు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజగోండుల మీద 1948లో పుస్తకాలు వచ్చాయి. రాజగోండుల గ్రంథంలో ప్రధాన్‌లు పాడే వంశగాథలకు పెద్దపీట వేశాడు. అవి పుక్కిటి పురాణాలు కావని, గోండు సమాజానికి అవే రాజ్యాంగమని గుర్తించినవాడు. భీం ఘటనకు భూమి, అడవి విషయంలో జరిగిన అన్యాయమే మూలమని సర్కారుకు నిర్మొహమాటంగా నివేదించాడు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండీలో వాచకాలు వచ్చాయి. తర్వాతి కాలంలో సేతుమాధవరావు పగడి అదే దారిలో గోండుల గురించి రాశారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు ప్రజల ఫిర్యాదులు వినే దర్బారు ఆ రోజుల్లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. మెస్రం వంశీయుల పూజ ముందు, సర్కారు వినికిడి తర్వాత.

హైమెన్‌డార్ఫ్‌ను దేవుణ్ని చేయడం, వలస పండితుడని తోసిపుచ్చడం రెండూ మన దగ్గర జరిగాయి. రెంటికీ తొందరపాటే కారణం. ఆయన రాతలో గోండు గొంతు వినిపిస్తుంది, కాకపోతే ఆయన గొంతులో కలిసి వినిపిస్తుంది. ఏ ప్రధాన్ ఏ గాథ ఎక్కడ పాడాడన్న సంగతి కన్నా ఆ గాథకు పండితుడు చెప్పిన అర్థమే ముందుకొచ్చింది. అయినా మార్లవాయి జనం లెక్క వేరు. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన బెట్టిని అక్కడికి తెచ్చి సమాధి చేసుకున్నారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన అస్థికలు 2012లో ఆ సమాధి పక్కకు చేరాయి. ఇద్దరి వర్ధంతులూ గూడెం పండుగల్లో చేరిపోయాయి. పరాయి పండితుణ్ని తమ వంశగాథలో కలుపుకోగలిగినంత విశాలం ఆ సంప్రదాయం.

స్వాతంత్ర్యం తర్వాతి రెండు దశాబ్దాలు ఈ చరిత్రలో చప్పగా గడిచాయి. 1963లో హైదరాబాద్‌లో గిరిజన సాంస్కృతిక పరిశోధన సంస్థ ఏర్పడింది. సర్వేలు, నివేదికలు చాలానే వచ్చాయి. వాటిలో మనుషుల కన్నా పట్టికలు ఎక్కువ. గొంతులు వినిపించింది ఉద్యమాల్లో. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు భూస్వాముల కాల్పుల్లో చనిపోయాక శ్రీకాకుళం కొండలు రగిలాయి. ఉపాధ్యాయుడు వెంపటాపు సత్యం సవరల, జాతాపుల మధ్య పనిచేశాడు. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పాడాడు. తెలుగు కథలోకి కొండ జనం అప్పుడు గుంపుగా వచ్చారు. ఆ సాహిత్యం చేసిన మేలు తక్కువది కాదు. అందులో ఆదివాసి ఎక్కువగా పీడితుడిగానో పోరాటయోధుడిగానో కనిపిస్తాడు. అతనింట్లో పెళ్లి, అతని అవ్వ నోటి సామెత, అతనికి తన కులదేవత మీద ఉన్న అలక కనిపించడానికి ఇంకో తరం ఆగాల్సి వచ్చింది.

అసలైన మార్పు 1980లలో వచ్చింది. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క పదమూడు మంది. గూడేలు ఆ లెక్కను ఏనాడూ ఒప్పుకోలేదు. అక్కడ వెలిసిన స్తూపాన్ని కూల్చారు, మళ్లీ కట్టారు. చనిపోయినవారి పేర్లను ఇళ్లలో తలుచుకుంటూనే ఉన్నారు. ఈ నెత్తుటి నేపథ్యంలోనే 1983లో అల్లం రాజయ్య, సాహు కలిసి ‘కొమురం భీం’ నవల రాశారు. గూడేలు తిరిగి, పెద్దల జ్ఞాపకాలు విని, భీంను దఫ్తరు నుంచి విడిపించి గోండు ఇంట్లోకి తెచ్చిన నవల అది. తెలంగాణ ఇవాళ జిల్లాకు ఆయన పేరు పెట్టుకుందంటే ఆ నవల వేసిన పునాది కూడా ఒక కారణం. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ను తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ కథలను తమ మాటల్లో, తమ యాసలో చెప్పుకున్న పుస్తకం. అది ఆదివాసుల గురించిన పుస్తకం కాదు. కానీ చెప్పిన మనిషి పేరు మీదే కథను అచ్చువేయడం, మాట తడబడిన చోట దాన్ని సరిదిద్దకుండా ఉంచడం అనే పద్ధతిని తెలుగు వాళ్లకు నేర్పింది అదే. అదే ఏడాది ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. రేడియోలో తన భాష వినడమంటే ఒక గోండు అవ్వకు ఏమిటో మైదానంలో ఉన్నవాళ్లకు అర్థం కావడం కష్టం.

మాట సాక్ష్యంగా న్యాయస్థానాల దాకా వెళ్లిన సందర్భమూ ఉంది. విశాఖ మన్యంలో గనుల లీజుల మీద సమత సంస్థ నడిపిన వ్యాజ్యంలో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతర సంస్థలకు లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. బొర్రా గుహల చుట్టుపక్కల గ్రామాల భూమి గోడు దేశమంతటికీ వర్తించే సూత్రమైంది. 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కోయ, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, గోండీ, కోలామీ, బంజారా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు తయారుచేయించింది. ఆయా తెగల ఉపాధ్యాయులే పాఠాలు రాశారు. గిడుగు ఒంటరిగా చేసిన పనిని ప్రభుత్వం చేపట్టేసరికి వందేళ్లు పట్టింది. చేపట్టాక ఎంత శ్రద్ధగా నడిపిందన్నది వేరే కథ, సంతోషపడేది కాదు.

ఇక గుంజాల. నార్నూర్ మండలంలోని ఆ ఊళ్లో గోండులు తరతరాలుగా దాచుకున్న రాతప్రతులు 2006లో పండితుల కంటబడ్డాయి. అప్పటిదాకా గోండులకు లిపి లేదనే చాలా పుస్తకాలు అనేవి. జయధీర్ తిరుమలరావు వంటివారి చొరవతో, ఊరిపెద్దల సహకారంతో ఆ లిపిని చదవడం, నేర్పడం మొదలైంది. 2018లో ‘గుంజాల గోండీ’ పేరుతో యూనికోడ్‌లో చేరింది. దీన్ని కొందరు కనుగొన్నామంటారు. గుంజాలలో అది ఏనాడూ పోలేదు. మనకు కనపడలేదంతే. తిరుమలరావు, గూడూరు మనోజ గూడేలు తిరిగి సేకరించిన వాద్యాలూ ఇలవేల్పు చిత్రాలూ తాళపత్రాల గదిలో కూర్చున్న తెలుగు పరిశోధనను కొండెక్కించాయి.

ఈ దశలోనే కలం గూడెం చేతికి వచ్చింది. లంబాడీ కుటుంబంలో పుట్టిన భంగ్యా భూక్యా, నిజాం పాలనలో లంబాడీల చరిత్రను 2010లో, దక్కన్ గోండుల చరిత్రను 2017లో గ్రంథాలుగా తెచ్చారు. పార్వతీపురం మన్యం నుంచి మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ కథలతో తెలుగు పాఠకులకు జాతాపుల, సవరల ఇళ్లలోని మాట వినిపించారు. నిజామాబాద్ తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ ‘ధావ్లో’ కథలకు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందింది. వీరి రాతల్లో మొదటిసారిగా ఆదివాసీ, బంజారా మనుషులు మంచివాళ్లుగానే ఉండాల్సిన బాధ్యత నుంచి తప్పించుకున్నారు. తమలో తాము తగాదాపడతారు, అబద్ధాలాడతారు, నవ్విస్తారు. సినిమా ఇంకా ఆ స్థితికి రాలేదు. 1958 నాటి ‘చెంచులక్ష్మి’ నుంచి 2022లో ప్రపంచమంతా చూసిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ దాకా అడవి మనిషిని మైదానం తనకు నచ్చినట్టే ముస్తాబు చేసింది.

మైదానం చెప్పే కథకూ గూడెం చెప్పుకునే కథకూ ఉన్న తేడా మేడారం దగ్గర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సమ్మక్క సారలమ్మల కథ మనం విన్నది కప్పం కోసం కాకతీయులు చేసిన యుద్ధంగా, రాజుల వైపు కాలక్రమంలో ఇమిడ్చి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య బడి మెట్లెక్కకపోయినా కోయలోనూ తెలుగులోనూ ఆ కథను రాత్రుళ్ల తరబడి పాడేవాడు. ఆ పాటలో వంశాలు, గట్లు, బంధుత్వాలు, అలకలు ముందుకొస్తాయి. రాజధాని వెనక్కి వెళ్తుంది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందటి ఏడాది మార్లవాయి గుస్సాడీ నృత్య గురువు కనకరాజుకు వచ్చింది. ఇద్దరూ 2024లో, నాలుగు నెలల తేడాలో కన్నుమూశారు.

గుర్తింపు ఆలస్యంగా రావడం ఒక నష్టమైతే, నేల పోవడం మరో నష్టం. హైమెన్‌డార్ఫ్ కొండరెడ్లను కలుసుకున్న పాపికొండల నదీతీరం పోలవరం ముంపులో ఉంది. ఊరు లేచిపోయాక ఊరిదేవత కథ ఏ చెట్టు చూపించి చెప్పాలి? పునరావాస కాలనీల్లో పెరిగే పిల్లలకు తాతల ఊరు తాతల మాటల్లోనే మిగులుతుంది.

కాబట్టి విశ్వవిద్యాలయాలకూ సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలకూ (ఐటీడీఏలకూ) మ్యూజియాలు కడుతున్న రెండు ప్రభుత్వాలకూ చెప్పదలచుకున్నది ఇది. విగ్రహాలకు తొందర లేదు. ప్రధాన్, తోటీ, డోలి గాయకుల్లో వృద్ధులైనవారి దగ్గరకు ముందు వెళ్లండి. ఒకే గాథను ఇద్దరు రెండు రకాలుగా పాడితే రెండూ రికార్డు చేయండి, కలిపి ఒకటి చేయకండి. గాయకుడి పేరు, ఊరు, అతని పోషక వంశం పుస్తకం మొదటి పుటలో వేయండి, రాయల్టీ అతని ఇంటికి పంపండి, ఒక ప్రతి ఆ ఊరి బడిలో ఉంచండి. ఆ రికార్డులను వినడానికి, తప్పొప్పులు చెప్పడానికి గూడెం పెద్దలను పిలవండి. ఈ పనికి కావలసిన డబ్బు ఒక విగ్రహం ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు.